నడి ఏట్లో ఆగిన ల్యాప్‌టాప్

పాంచ్‌గణి,
ఏప్రిల్ 12

కుందా తాయీకి భాలూ నమస్కారాలు.

బాగున్నావా అని అడిగే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. నిన్న సాయంత్రం పడవలోంచి ఎందుకు దిగిపోయావు?

మొన్న కూడా అంతే. పోయిన ఆదివారమూ అంతే. మన ఆటలో పడవకు ఉన్నవే రెండు తెడ్లు. ఎడమది నీది, కుడిది నాది. నీది ఆగిపోతే పడవ ముందుకు పోదు, వెనక్కి రాదు, బొంగరంలా తిరుగుతుంది. నేనొక్కణ్ణే అందులో కూర్చుని తిరుగుతూ ఉంటాను. పక్కన టీ తాగుతున్న శైలా నావైపు చూసి, "మీ అక్కగారు మళ్ళీ వెళ్ళిపోయారా?" అంటుంది. ఇంట్లో పెళ్ళాం ముందు ఒక మనిషి ఎంతసేపని గిరగిరా తిరగగలడు?

నేను సరదాకి ఆడటం లేదని నీకు తెలుసు. పక్షవాతం వచ్చి ఏడాది కావస్తోంది. ఈ ఊళ్ళో ప్రతి బడికీ, ప్రతి హోటలుకూ బోర్డు రాసిన కుడి చెయ్యి ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి ఇచ్చిన రబ్బరు బంతిని విసిరి కొట్టాను, వసారా అవతలికి పోయింది. ఆ అమ్మాయే, "కాకా, మీకు నచ్చిన ఆట ఏదైనా ఆడండి. వేలితో నొక్కి పట్టుకోవడం, వదలడం, అంతే కావాలి" అంది. మీ అబ్బాయి పరాగ్ పుణెలో ఒకే కొట్లో ఒకే రకం ల్యాప్‌టాప్‌లు రెండు కొని నీకొకటి, నాకొకటి పంపి, ఈ పడవ ఆట ఎక్కించి పెట్టాడు. అప్పట్నుంచీ నా చెయ్యి చేస్తున్న పని అదొక్కటే. అందులోనూ నువ్వు మధ్యలో దిగిపోతే ఎలా?

నా తెడ్డు నెమ్మది. ఒప్పుకుంటాను. నాతో ఆడటం విసుగ్గా ఉంటే ఆ మాట చెప్పు. మర్యాదగా జారుకోవడం మన ఇంట్లో అలవాటు లేదు.

ఫోన్‌లో మాట్లాడమని మాత్రం శైలాతో కబురు చేయకు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని చంద్రపూర్ నుంచి గరగరలాడుతూ వచ్చే ట్రంకు కాల్‌లో కూడా ప్రతి ముక్కా పట్టుకున్నదానివి, ముద్దగా వచ్చే నా మాట దగ్గరికొచ్చేసరికి "ఏంటీ? ఏంటీ?" అన్నావు. ఇక ఆ యంత్రం ముట్టుకోను. ఎడమ చేత్తో ఈ కోడిగీతలే నయం.

జవాబు రాయి.

నీ తమ్ముడు
భాలచంద్ర

---

నాగపూర్,
ఏప్రిల్ 18

చిరంజీవి భాలూకి ఆశీస్సులు.

ఒరేయ్, నేను దిగిపోలేదురా! ల్యాప్‌టాప్ ఆరిపోతోంది.

నువ్వు అక్కడ ఏప్రిల్ నెలలో దుప్పటి కప్పుకుని కూర్చుంటావు. ఇక్కడ నల్లా తిప్పితే వేడినీళ్ళు వస్తున్నాయి. ఆ ఆట మొదలెట్టిన కాసేపటికే ల్యాప్‌టాప్ లోపల ఫ్యాను లేచిపోయే విమానంలా గోల పెడుతుంది. దాని అడుగున చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, జొన్న భాకరీ వేసి కాల్చుకోవచ్చు. బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. సరిగ్గా మనం పెద్ద బండరాయి దగ్గరికి వచ్చేసరికి తెర నల్లబడుతుంది. ఆ తర్వాత నువ్వు తిరుగుతున్నావో మునిగావో నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?

పరాగ్‌కి ఫోన్ చేస్తే, "ఆపి మళ్ళీ ఆన్ చెయ్ ఆయీ" అంటాడు. వాడికి నేను జ్వరం వచ్చిందని చెప్పినా ఆపి ఆన్ చేయమనే అంటాడు.

మీ భావోజీ సంగతి చెప్పనక్కర్లేదు. మా ఆయన దిగంబర్‌రావు గారు రిటైరయిన తర్వాత ఇంట్లో బాగుచేయని వస్తువు లేదు, బాగుపడ్డ వస్తువూ లేదు. మొదటి రోజు వట్టివేళ్ళ కూలర్‌ని లాక్కొచ్చి ల్యాప్‌టాప్ ముందు పెట్టారు. అది గాలితో పాటు నీటి తుంపర కూడా కొడుతుంది కదా, మీటల మీద చుక్కలు పడ్డాయి. నేను చీర కొంగుతో తుడుస్తుంటే పడవ పోయి ఒడ్డుకి గుద్దుకుంది. అప్పుడు కూడా నువ్వు నన్నే తిట్టుకుని ఉంటావు. రెండో రోజు తడి తువ్వాలు తెచ్చి దాని మీద కప్పబోయారు. "అది ల్యాప్‌టాప్ అండీ, మట్టికుండ కాదు" అని అరిచాను. "ఈ వయసులో నీకు ఆటలేంటి, అందుకే అది కూడా వేడెక్కిపోతోంది" అని పేపరు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

దాన్ని నేనేదో మొరటుగా వాడుతున్నానని అనుకోకు. పసిబిడ్డలా చూసుకుంటున్నాను. గీతలు పడకూడదని పాత నూలు చీరలు కత్తిరించి బొంతలాంటి మెత్తని చిన్న గోధడీ కుట్టాను, దాని మీదే పెట్టి ఆడతాను. నీకూ ఒకటి పంపాను కదా, అందిందా లేదా అని ఒక్క ముక్క రాయలేదు నువ్వు.

మామిడికాయలు ఇంకా ముదరలేదు. పక్కింటి దేశ్‌పాండే వాళ్ళ కూలర్ మోటారు కాలిపోయి, వాళ్ళంతా మధ్యాహ్నాలు మా ఇంట్లోనే పడుకుంటున్నారు. నేను వంటింట్లో పడుకుంటున్నాను.

చెయ్యి ఆపకు. శైలాకి కూడా ఫోన్ చేసి వేడి సంగతి చెబుతాను.

నీ తాయి
కుందా

---

పాంచ్‌గణి,
ఏప్రిల్ 24

కుందా తాయీకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాను. శైలాకి నువ్వు చెప్పిందీ విన్నాను. "తాయీ ల్యాప్‌టాప్ వేడెక్కుతోందట" అని ఆవిడ చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. నాది కూడా అదే ల్యాప్‌టాప్. పొద్దున ముట్టుకుంటే రాయిలా చల్లగా ఉంటుంది, ఆట అయ్యాక గోరువెచ్చగా ఉంటుంది, పిల్లి వచ్చి పక్కన పడుకుంటుంది. ఒకే కంపెనీ, ఒకే రకం. నీది భాకరీ కాలుస్తుంది, నాది పిల్లిని జోకొడుతుందా?

సరే, ఎండ అనుకుని నమ్మేశాను. బుధవారం దాకా నమ్మాను కూడా.

ఆటలో మన పేర్ల పక్కన పచ్చ చుక్క ఉంటుంది కదా, నదిలో ఎవరున్నారో తెలియడానికి. ఈ వారం ల్యాప్‌టాప్‌కి విశ్రాంతి ఇస్తున్నానని నువ్వు శైలాతో అన్నావు. బుధవారం మధ్యాహ్నం తోచక తెరిచాను. నీ పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది. నువ్వు నదిలో ఉన్నావు. గురువారం కూడా ఉన్నావు. శుక్రవారం ఏకంగా జలపాతం దాటేశావని ఆట నాకు కబురు కూడా పంపింది, నేనేదో సంబరపడాలన్నట్టు. నాతో ఉన్నప్పుడు జలపాతం దరిదాపులకి కూడా పోలేదు మనం.

అందుకే, తాయీ, నిన్ను ఇబ్బంది పెట్టను. నీ దారిన నువ్వు హాయిగా ఆడుకో. సోమవారం నుంచి రావద్దని ఫిజియోథెరపీ అమ్మాయికి చెప్పించాను. ల్యాప్‌టాప్‌ని శైలా గుడ్డలో చుట్టి అలమారా మీద పెట్టింది. పిల్లికి మాత్రం కొంచెం బాధగా ఉంది.

భావోజీకి నమస్కారాలు.

భాలచంద్ర

---

నాగపూర్,
ఏప్రిల్ 30

భాలూ,

ఆశీస్సులు తర్వాత. ముందు తిట్లు.

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ చేతిలోంచి తీసుకుని గుమ్మంలోనే నిలబడి చదివాను. పచ్చ చుక్క అన్న చోటికి వచ్చేసరికి నాకేమీ అర్థం కాలేదు. బుధవారం మధ్యాహ్నం నేను వంటింట్లో తడి చాప మీద పడి నిద్రపోతున్నాను. గురువారం కూడా అంతే. మరి నదిలో ఉన్నదెవరు?

నిన్న భోజనాలయ్యాక కళ్ళు మూసుకుని పడుకున్నట్టు నటించాను. కాసేపటికి ముందుగదిలోంచి ఆ విమానం చప్పుడు మొదలైంది. మెల్లగా లేచి వెళ్ళి చూశాను. మీ భావోజీ! ఒట్టి బనీనుతో కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయి, రెండు చేతులతో రెండు తెడ్లూ వేసేస్తున్నారు. పక్కన ప్లేటులో సంత్రా బర్ఫీ! మధుమేహం ఉన్న మనిషి!

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

"పరీక్షిస్తున్నాను. ఎంతసేపటికి వేడెక్కుతుందో చూడాలి కదా."

"జలపాతం దాకా పరీక్షించారా?"

"జలపాతం ఎడమ పక్కనుంచి దాటాలి కుందా. మీరిద్దరూ ఊరికే మధ్యలోంచి పోతున్నారు" అన్నారు, తెర మీంచి కళ్ళు కూడా తిప్పకుండా.

విన్నావా? ఈ వయసులో ఆటలేంటి అన్న మనిషి! మధ్యాహ్నమంతా ఆయన కాలుస్తారు. సాయంత్రం నేను తెరిచేసరికి అది ముందే సలసలా కాగుతూ ఉంటుంది. ఆ సంగతి బయటపడకూడదని ఆ వారం మొదట్లో ఏం చేశారో తెలుసా? ఫ్రిజ్ తెరిచాను. మజ్జిగ గిన్నెకీ కొత్తిమీర కట్టకీ మధ్యన ల్యాప్‌టాప్ ఉంది! బయటికి తీస్తే ఒళ్ళంతా చెమట పట్టింది దానికి. ఆ చెమ్మ లోపల కూడా పడితే ఇక దాని పని అయిపోయినట్టే కదా. రెండు రోజులు ఆరబెట్టాను, ముట్టుకోవడానికి కూడా భయపడ్డాను. శైలాతో విశ్రాంతి అన్నది అందుకు. మీ భావోజీ ఫ్రిజ్‌లో పెట్టారని ఏ నోటితో చెప్పమంటావు?

ఇక నీ సంగతి. పచ్చ చుక్క చూసి ఫిజియోథెరపీ మాన్పించుకున్నావా? ఒరేయ్, చెయ్యి నాది కాదురా, నీది. నా మీద కోపం వస్తే నాకు నాలుగు చివాట్లు రాయి, ఉత్తరం చింపి పంపు, ఏదైనా చెయ్యి. నీ చేతికి శిక్ష వేస్తావా? నీతో ఆడటం విసుగా? మూడు గంటలు కొట్టినప్పటి నుంచీ ఎప్పుడు సాయంత్రమవుతుందా అని గడియారం చూస్తూ కూర్చునే నాకా విసుగు? నువ్వు ఒక్క తెడ్డు వేసేలోపు నేను పప్పు తాలింపు పెట్టి రావచ్చు, అది నిజమే. అయితే ఏం? తాలింపు పెట్టి వచ్చి కూర్చుంటున్నాను కదా!

ఈ ఉత్తరం అందగానే ఆ అమ్మాయిని వెనక్కి పిలువు. ల్యాప్‌టాప్ కిందికి దించు.

కోపంతో, ఆశీస్సులతో,
కుందా

---

పాంచ్‌గణి,
మే 7

తాయీకి నమస్కారాలు.

నీ ఉత్తరం శైలా పైకి చదివింది. కొత్తిమీర దగ్గర నాకు నవ్వు ఆగలేదు. ఇప్పుడు నా నవ్వు మొహంలో ఒక పక్కకే వస్తుంది, అద్దంలో చూసుకున్నప్పటి నుంచీ నవ్వడం మానేశాను. ఆ రోజు అద్దం సంగతి మర్చిపోయాను. భావోజీకి నా తరఫున చెప్పు, జలపాతం రహస్యం ఉత్తరంలో రాసి పంపమను.

ఫిజియోథెరపీ అమ్మాయి నిన్న వచ్చింది. "అలక తీరిందా కాకా?" అంది. ఈ కాలం పిల్లలకి పెద్దంతరం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నీ పాత ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. మొదటిసారి కోపంగా చదివాను కాబట్టి కనబడలేదు. గోధడీ మీద పెట్టి ఆడుతున్నావా? మెత్తని నూలు గోధడీ మీదా? తాయీ! తాయీ!!

నా ల్యాప్‌టాప్‌ని అలమారా మీంచి దించి వెల్లకిలా తిప్పి చూశాను. అడుగున చేప మొప్పల్లా సన్నని చీలికలు ఉన్నాయి. ఫ్యాను గాలి పీల్చుకునేది అక్కడినుంచే. నేను బోర్డులు రాసే పాత చెక్కబల్ల మీద పెట్టుకుంటాను, అందుకే దానికి ఊపిరాడుతోంది. నువ్వు పంపిన గోధడీ మోకాళ్ళ మీద కప్పుకుంటున్నాను, వెచ్చగా బాగుంది, ఆ మాట రాయనందుకు తిట్టకు. నీదాన్ని నువ్వు నలభై ఆరు డిగ్రీల ఎండలో పరుపు మీద బోర్లా పడుకోబెట్టి, ముక్కూ నోరూ మూసేసి, తెడ్డు వెయ్యమంటున్నావు!

నేను చెప్పినట్టు చెయ్యి. గోధడీ తీసెయ్. చెక్కపీట మీద పెట్టి, వెనక వైపు కింద రెండు చిన్న చెక్కముక్కలు పెట్టి లేపు. లోపల ఫ్యాను దగ్గర ఇన్ని నెలల దుమ్ము పేరుకుని ఉంటుంది, తెలిసిన చోట ఇచ్చి శుభ్రం చేయించు. భావోజీ చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వకు. కూలర్ గదిని చల్లబరిస్తే చాలు, దాన్ని ల్యాప్‌టాప్ మొహాన పెట్టకు. ఇంకొకటి, ఆటలో బొమ్మల మెరుపు తగ్గించుకునే చోటు ఉంది, పరాగ్‌ని అడుగు. నీళ్ళు అంతలా తళతళలాడించడానికే అది అంత కష్టపడుతోంది.

పసిబిడ్డలా చూసుకున్నావట! పసిబిడ్డనైనా అలా చుట్టబెట్టరు.

భాలూ

---

నాగపూర్,
మే 14

చిరంజీవి భాలూకి ఆశీస్సులు.

నువ్వు గెలిచావు, సరేనా? మళ్ళీ మళ్ళీ అనకు.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను కూరగాయలకి వెళ్ళాను. భావోజీకి స్క్రూడ్రైవర్ ఇవ్వకు అన్న ముక్క మీ భావోజీయే చదివారు. నేను తిరిగొచ్చేసరికి ల్యాప్‌టాప్ పొట్ట తెరిచి ఉంది, ఆయన రెండు చేతులూ అందులో ఉన్నాయి. కానీ ఆయన బయటికి లాగింది చూసి నేను కూడా నోరు మూసుకున్నాను. ఫ్యాను చుట్టూ నూలుపోగులు, దుమ్ము కలిసి ఎలుక గూడు కట్టినట్టు ఉంది. అందులో నా ఆకుపచ్చ చీర రంగు కూడా గుర్తుపట్టాను.

మళ్ళీ బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి. "ఇవి అనవసరంగా పెట్టారు కంపెనీవాళ్ళు" అన్నారు. దాంతో నేను రిక్షా ఎక్కి కొట్టుకి తీసుకెళ్ళాను. వాళ్ళు చూసి, వేడికి బ్యాటరీ పూరీలా ఉబ్బిపోయింది, ఇక ఇది ఇంట్లో ఉంచుకోవడం ప్రమాదం అని తీసేసుకున్నారు. కొత్తది తెప్పించాలట. అంతదాకా కరెంటు వైరు పెట్టుకునే ఆడాలి.

మెరుపు తగ్గించాను. నది ఇప్పుడు సిమెంటు రోడ్డులా ఉంది. చెట్లు పచ్చ డబ్బాల్లా ఉన్నాయి. చేపలు ఎగరడం మానేశాయి. నాకు ఆ చేపలు ఇష్టంగా ఉండేవి. కానీ నిన్న సాయంత్రం మనిద్దరం వంతెన దాకా వెళ్ళామా లేదా? ఒక్కసారి కూడా ఆరిపోలేదు. అడుగున చెయ్యి పెట్టి చూశాను, వేడిగానే ఉంది, కానీ భాకరీ కాలదు.

నీ తెడ్డు మాత్రం, ఇప్పుడు తీరిగ్గా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, కుడి పక్కనున్న ప్రతి రాయినీ పలకరించి గానీ వదలవు. వదిలేటప్పుడు వేలు ఆలస్యంగా లేస్తోంది కదా? ఆ అమ్మాయికి చెప్పు ఆ సంగతి.

ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే జలపాతానికి పోదాం. ఎడమ పక్కనుంచి. మీ భావోజీ వెనక కూర్చుని దారి చెబుతానంటున్నారు. ఆయన నోరు మూయించే బాధ్యత నాది.

నీ తాయి
కుందా

---

నాగపూర్,
మే 21, ఆదివారం

భాలూ,

ఇందాకే ఫోన్ పెట్టేశాను. వెంటనే కూర్చుని రాస్తున్నాను. ఎందుకంటే రేపటికి నువ్వు ఇదంతా జరగలేదంటావు. నీ సంగతి నాకు తెలుసు.

జలపాతం అంచుకి వచ్చాం. నువ్వు ఎప్పుడూ లేనంత బాగా తెడ్డు వేస్తున్నావు. "ఎడమకి, ఎడమకి!" అని మీ భావోజీ నా చెవిలో అరుస్తున్నారు. అప్పుడు మా వీధిలో కరెంటు పోయింది. బ్యాటరీ లేదు కదా, తెర నల్లబడింది. కూలర్ ఆగింది, ఫ్యాను ఆగింది. చల్లగా ఉన్న ల్యాప్‌టాప్ కూడా నన్ను నడి ఏట్లోనే దింపేసింది! నాకు ఎంత ఒళ్ళు మండిందంటే చాప మీంచి లేచి దాన్ని తన్నబోయాను.

అప్పుడు ఫోన్ మోగింది. శైలా అనుకుని ఎత్తాను.

"తాయీ!"

ఫోన్ ఇంకో చెవికి మార్చాను.

"తాయీ! తాయీ! ఉన్నావా? పలకవేం?"

అటునుంచి నువ్వు అరుస్తున్నావు. పేపర్లో నాగపూర్ ఎండకి మనుషులు పడిపోతున్నారని చదివావట. మాటలు ఒకదాని మీద ఒకటి పడి వస్తున్నాయి, కొన్ని సగమే వస్తున్నాయి, కొన్నిటికి తల లేదు. నేను కళ్ళు మూసుకున్నాను. ఎక్స్ఛేంజిలో లైను బాగోలేనప్పుడు అలాగే చేసేదాన్ని. అన్నీ వినిపించాయి. "ఆ కొలిమిలో ఎందుకుంటారు మీరిద్దరూ, ఇక్కడికి రావడానికేం రోగం, స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దంటే ముట్టుకుంటారు, పొద్దున మంచినీళ్ళు తాగావా లేదా, ఒక్క పడవ సరిగ్గా నడపలేరు ఇద్దరు మనుషులు కలిసి." ఇవే కదా నువ్వన్నవి? మధ్యలో రెండు మాటలు మాత్రం దొరకలేదు. మీ భావోజీ గురించిన తిట్టు అయ్యుంటుంది, వదిలేశాను.

"కరెంటు పోయిందిరా, బతికే ఉన్నాను" అన్నాను. నువ్వు "సరే" అని పెట్టేశావు.

ఆ తర్వాత శైలా చేసింది. ఏడుస్తోంది. ఏడాది తర్వాత ఆయన ఇంట్లో గొంతెత్తి అరవడం ఇదే మొదటిసారి తాయీ అంది. పెట్టేశాక నువ్వు పోయి వసారాలో నిలబడ్డావట.

భాలూ, నేను ఏంటీ అని ఒక్కసారి కూడా అనలేదు. చూసుకున్నావా?

కుందా

---

పాంచ్‌గణి,
మే 29

తాయీకి, భావోజీకి నమస్కారాలు.

ఆ రోజు నేను మాట్లాడలేదు, తిట్టాను. రెండూ ఒకటి కాదు. దొరకని ఆ రెండు మాటలు భావోజీ గురించి కాదు, కరెంటువాళ్ళ గురించి.

చెయ్యి ఇంకా కుంచె పట్టలేదు. పట్టుకుంటే జారిపోతోంది. ఆ అమ్మాయి కాలం పడుతుందంటోంది, పట్టకపోవచ్చని కూడా చెప్పింది, మొహం చాటేయకుండా. ఆ పిల్ల మీద నాకు గౌరవం పెరిగింది. పడవ ఆట మానను. కొత్త బ్యాటరీ వచ్చేదాకా మాత్రం జలపాతం జోలికి పోవద్దు మనం.

మొన్న బజారు కింది బడి నుంచి ఒకాయన వచ్చాడు. బడి తెరిచేలోపు కొత్త బోర్డు కావాలట. మామూలుగా అయితే శైలా బయటికెళ్ళి "ఆయనకి ఒంట్లో బాగోలేదు" అని పంపించేసేది. ఈసారి నేనే వెళ్ళాను. "నేను రాయలేను. దగ్గరుండి రాయిస్తాను" అన్నాను. ఆయనకి మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారీ అర్థం కాలేదు. నేను లోపలికి వచ్చేయలేదు తాయీ, అక్కడే నిలబడి మూడోసారి చెప్పాను. బోర్డు పలక దింపి వెళ్ళాడు.

నిన్నటి నుంచి కుంచె శైలా చేతిలో ఉంది. నేను వెనక కుర్చీలో కూర్చుని చెబుతున్నాను. "ఆ గీత కిందికి లాగు. అంత లావా? అది అక్షరమా, గుమ్మడికాయా? రంగు కారుతోంది, తుడువు. మణికట్టు తిప్పు, మణికట్టు!" పొద్దున మొదలెడితే మధ్యాహ్నానికి ఒక వరస అయింది. చుట్టూ అంచు వంకరగా ఉంది కానీ మధ్యలో అక్షరాలు నావే, ఎవరు చూసినా గుర్తుపడతారు.

సాయంత్రం శైలా కుంచె కిరోసిన్ డబ్బాలో పడేసి, నడుము మీద చేతులు పెట్టుకుని నావైపు తిరిగింది.

"మీకు మాట రాకుండా ఉన్నప్పుడే ఈ ఇల్లు ప్రశాంతంగా ఉండేది" అంది.

భాలూ